ఎడమ చక్రం పట్టేసిన రోబో వాక్యూమ్‌ను వారంటీలో బాగుచేయాలని ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: రోబో వాక్యూమ్ ఎడమ చక్రం బిగుసుకుపోవడం, వారంటీ నిరాకరణ

అయ్యా,

మా అమ్మకు రెండు మోకాళ్లకూ ఆపరేషన్ అయింది. వంగి ఊడవలేదు. ఆమె కోసమే ఏడు నెలల కిందట 24,990 రూపాయలు పెట్టి మీ రోబో వాక్యూమ్ కొన్నాను. ఆరు నెలలు చక్కగా పనిచేసింది. పోయిన నెల నుంచి హాల్లో నాలుగడుగులు వెళ్లి, గానుగెద్దులా ఒకేచోట గుండ్రంగా తిరిగి, చక్రం ఇరుక్కుందని చెప్పి ఆగిపోతోంది.

మీ హెల్ప్‌లైన్‌లో చెప్పినవన్నీ చేశాను. స్విచ్ ఆపి, మిషన్‌ను వెల్లకిలా తిప్పి, ముందున్న చిన్న చక్రాన్ని ఊడదీశాను. దాని ఇరుసుకు చుట్టుకున్న జుట్టును కత్తెరతో కోసి తీసేశాను. పక్క చక్రాల సందుల్లో ముగ్గుపిండి ఉంటే పాత టూత్‌బ్రష్‌తో దులిపాను. అయినా మార్పు లేదు. కుడి చక్రాన్ని వేలితో లోపలికి నొక్కి వదిలితే టక్కున బయటికి వస్తోంది. ఎడమది సగం దాకా వచ్చి ఆగిపోతోంది. చేత్తో తిప్పితే కుడిది మెత్తగా తిరుగుతోంది. ఎడమది పావు చుట్టు తిరిగి, కర్‌మని పట్టేస్తోంది. పైకి ఒక్క వెంట్రుక కూడా కనబడటం లేదు. అంటే లోపం లోపలి పళ్లచక్రాల్లోనో, చక్రాన్ని నేలకు ఆనించే స్ప్రింగులోనో ఉండాలి. రెండు చక్రాలనూ పక్కపక్కన చూపిస్తూ తీసిన వీడియో పంపుతున్నాను.

మీ టెక్నీషియన్ వచ్చి రెండు నిమిషాలు చూశారు. ఒక్క స్క్రూ కూడా విప్పలేదు. "జుట్టు వల్ల పాడైంది, కస్టమర్ అజాగ్రత్త" అని రాసి, విజిట్ చార్జీ 499 తీసుకుని, కొత్త చక్రానికి 3,200 అవుతుందన్నారు. ఆ అబ్బాయి మీద నాకేమీ కోపం లేదు, ఇంకా మూడు ఇళ్లకు వెళ్లాలని హడావుడిలో ఉన్నాడు. కానీ విప్పి చూడకుండా తప్పు నాదని ఎలా తేల్చారు? ఇళ్లలో నేల మీద ఉండేదే జుట్టు, దుమ్ము. వాటిని ఎత్తడానికే కదా ఈ మిషన్ అమ్మారు! పైగా నేను ప్రతి ఆదివారం చక్రాలు శుభ్రం చేస్తూనే ఉన్నాను.

అమ్మ మళ్లీ చీపురు పట్టింది. మొన్న శుక్రవారం ఒక చేత్తో గోడ పట్టుకుని వంటగది ఊడుస్తుంటే చూసి నా ప్రాణం ఉసూరుమంది. ఎక్కడ జారిపడుతుందోనని ఆఫీసులో ఉన్నంతసేపూ ఒకటే టెన్షన్.

ఎడమ చక్రం సెట్టును వారంటీ కింద ఉచితంగా మార్చండి. నా 499 తిరిగి ఇవ్వండి. సర్వీస్ రిపోర్టులో "అజాగ్రత్త" అన్న మాట కొట్టేయండి, లేదంటే రేపు ఇంకేది పాడైనా అదే చూపిస్తారు. 15 రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తాను. అక్కడా తేలకపోతే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద జిల్లా కమిషన్‌లో కేసు వేస్తాను.

టెక్నీషియన్‌ను పంపే ముందు రోజు ఫోన్ చేయించండి, సెలవు పెట్టుకుంటాను. ఈసారి మిషన్‌ను నా ముందే విప్పాలి.

ఇట్లు,
మీ కస్టమర్
కూకట్‌పల్లి, హైదరాబాద్

జతచేసినవి: బిల్లు, వారంటీ కార్డు, సర్వీస్ రిపోర్టు నకళ్లు, వీడియో