కొరియా 'సొయె' చేతిరాత కోర్సు కాదు

సంపాదకులకు,

నమస్కారం. పెనుకొండ దగ్గర కియా కార్ల కర్మాగారం వచ్చాక ఈ చుట్టుపక్కల కొరియన్ భాష నేర్చుకునే పిల్లలు పెరిగారనీ, వారిలో పై చదువులకు ఆ దేశం వెళ్లదలచినవారికి ఏయే దారులున్నాయో వివరిస్తూనూ మీ చదువుల పేజీలో ఇటీవల ఒక వ్యాసం వేశారు. ఇంజినీరింగు, వ్యాపార నిర్వహణ కోర్సుల వివరాలు బాగున్నాయి. వాటి చివర, మిగిలిన జాగా నింపడానికన్నట్టు, అందమైన చేతిరాత మీద ఆసక్తి ఉన్నవారు కొరియన్ కాలిగ్రఫీలో కూడా ఎం.ఏ. చేయవచ్చనీ, అది తేలికైన కోర్సనీ ఒక వాక్యం ఉంది. ఆ తేలికైన కోర్సును, భాష నేర్చుకున్న ఏడాదితో కలిపి మూడేళ్లు సియోల్‌లో చదివి వచ్చినదాన్ని కాబట్టి, ఆ ఒక్క వాక్యం గురించి ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నందుకు మన్నించగలరు.

కొరియన్లు ఈ కళను 'సొయె' అంటారు. దీనికే చైనావారి పేరు 'షుఫా', అంటే రాసే పద్ధతి. జపానువారి పేరు 'షోదో', అంటే రాసే మార్గం. 1945లో జపాను పాలన తొలగిపోయాక, పాలకుల మాట మనకెందుకని, సొన్ జేహ్యంగ్ అనే లిపికళాకారుడు ప్రతిపాదించిన 'సొయె' అనే పేరు కొరియాలో స్థిరపడింది. ఇందులోని 'యె' అనే అక్షరానికి కళ అని అర్థం. మర్యాదలు, సంగీతం, విలువిద్య, రథం తోలడం, రాత, లెక్కలు అంటూ చదువుకున్నవాడికి ఉండవలసిన ఆరు విద్యలను ప్రాచీన చైనా సంప్రదాయం ఏ మాటతో పిలిచిందో ఆ మాటే ఇది. మా మొదటి సెమిస్టరులో ఒక తరగతి మూడు వారాల పాటు ఈ మూడు పేర్ల మధ్య తేడా మీదే నడిచింది. కుంచె ఇంకా ముట్టుకోకముందు సంగతి ఇది.

కుంచె ముట్టుకున్నాక జరిగింది కూడా చెబుతాను, ఎందుకంటే బయటివారు ఊహించుకునేది ఆ భాగాన్నే. మసినీ జంతువుల జిగురునూ కలిపి ఎండబెట్టిన కడ్డీని, నాలుగు చుక్కల నీళ్లు వేసిన నల్లరాతి మీద, మన ఇళ్లలో సాన మీద గంధం తీసినట్టు నిదానంగా అరగదీస్తే సిరా వస్తుంది. సిరా సీసాల్లో కూడా దొరుకుతుంది గాని, మా ఆచార్యుడు మొదటి సెమిస్టరంతా సీసా మూత తియ్యనివ్వలేదు. మణికట్టు, మోచెయ్యి బల్లకు ఆనకుండా గాలిలో నిలిపి, కుంచెను నిటారుగా పట్టి, ఎడమ నుంచి కుడికి ఒక అడ్డగీత గీయాలి. నెల రోజులు నేను గీసింది ఆ అడ్డగీత ఒక్కటే. మొదట్లో కుంచె మొన కొంచెం వెనక్కి పోయి, మలుపు తిరిగి, ఆ తరువాతే ముందుకు సాగాలి. సాగినంతసేపూ మొన గీతకు నట్టనడుమ ఉండాలి. దీన్ని 'జుంగ్‌బొంగ్' అంటారు. మొన పక్కకు ఒరిగిందంటే గీతకు ఒక అంచు నున్నగానూ రెండో అంచు రంపపు పళ్లలానూ వస్తుంది. దిద్దుదామని పైన ఇంకో పూత వేస్తే ఎండాక రెండు పొరలూ విడివిడిగా కనబడి, చేసిన తప్పుతో పాటు దాచబోయిన తప్పు కూడా బయటపడుతుంది.

ఇంత కష్టమూ పట్టా చదువులో చిన్న భాగమే. అసలు కష్టం చదవడంలో ఉంది. నేటి కొరియా పత్రికలు దాదాపు పూర్తిగా కొరియన్ల సొంత లిపి అయిన హంగుల్‌లోనే వస్తాయి. అక్కడి బడిపిల్లల కోసం ప్రభుత్వం నిర్ణయించిన మౌలిక చైనా అక్షరాలు, అంటే 'హంజా', 1,800. లిపికళ చదివేవారికి ఆ 1,800 ఏ మూలకూ చాలవు. ఒక్కో అక్షరానికీ ముద్రల మీద చెక్కే రూపం, పాత గుమాస్తాల రూపం, నేటి ప్రామాణిక రూపం, వేగంగా రాసే రూపం, చివరికి మన గొలుసుకట్టు రాత లాంటి రూపం అని అయిదు వేషాలున్నాయి. ఆ రాతలన్నీ ప్రాచీన చైనా భాషలో ఉంటాయి గనుక, ఆ భాష వ్యాకరణమూ రావాలి. మన సంస్కృతంలాగే అది కూడా ఇప్పుడు ఎవరి ఇంట్లోనూ మాట్లాడే భాష కాదు. నా తోటి కొరియన్ విద్యార్థులు కూడా ఆ తరగతిలో నాలాగే నిఘంటువు ముందేసుకుని కూర్చునేవారు. అది చూసి నాకు కాస్త ధైర్యం కలిగిందని ఒప్పుకుంటాను.

కొరియా లిపికళలో అందరికన్నా ముందు వినబడే పేరు కిమ్ జంగ్‌హి (1786–1856), కలంపేరు ఛూసా. ఆయన శాసన పరిశోధకుడు కూడా. సియోల్‌కు ఉత్తరాన బుఖన్ కొండ మీద ఎవరిదో తెలియకుండా పడి ఉన్న శిలాశాసనం ప్రాచీన కొరియా రాజ్యమైన సిల్లాను ఏలిన రాజు జిన్‌హుంగ్‌దని 1816లో తేల్చినవాడు ఆయనే. 1840లో రాజకీయాల్లో చిక్కుకుని జేజు దీవికి ప్రవాసం పోయాడు. పలకరించేవారు తగ్గిపోయిన ఆ రోజుల్లో యీ సంగ్‌జొక్ అనే శిష్యుడు, వృత్తిరీత్యా దుబాసీ, బీజింగ్ వెళ్లినప్పుడల్లా పుస్తకాలు తెచ్చి గురువుకు పంపుతూనే ఉన్నాడు. దానికి బదులుగా 1844లో ఛూసా ఒక చిత్రం వేసి ఇచ్చాడు. ఒక గుడిసె, నాలుగు చెట్లు, సిరా దాదాపు ఆరిపోయిన కుంచెతో గీసిన గరుకు గీతలు, మిగతాదంతా ఖాళీ కాగితం. పక్కన గళ్లు గీసుకుని ముత్యాల కోవలా రాసిన వివరణ. చలి ముదిరాక గాని దేవదారులు చివరిదాకా వాడవన్న సంగతి తెలియదని కన్ఫ్యూషియస్ అన్న మాటే ఆ చిత్రానికి ఆధారం. పేరు 'సేహందో', అంటే చలి ముదిరిన కాలపు చిత్రం.

శిష్యుడు దాన్ని బీజింగ్ తీసుకెళ్లి అక్కడి పండితులకు చూపించాడు. పదహారు మంది తమ అభిప్రాయాలు రాసి ఇచ్చారు. తరువాతి తరాల కొరియన్లూ రాశారు. అన్నీ అతికించుకుంటూ పోగా, డెబ్భై సెంటీమీటర్ల చిత్రం పద్నాలుగు మీటర్లకు మించిన చుట్టగా మారింది. వలస పాలనలో అది ఫుజిత్సుకా చికాషి అనే జపాను పండితుడి చేతికి చేరి టోక్యో వెళ్లిపోతే, పైన చెప్పిన సొన్ జేహ్యంగ్ 1944లో యుద్ధం మధ్యనే అక్కడికి పోయి, ఆయనకు పదే పదే నచ్చజెప్పి తిరిగి తెచ్చాడు. మరుసటి ఏడు టోక్యో మీద పడిన బాంబులకు ఫుజిత్సుకా సేకరణలో చాలా భాగం కాలిపోయింది. 2020లో దాని యజమాని ఆ చుట్టను జాతీయ మ్యూజియానికి దానంగా ఇచ్చేశాడు. మాకు ఒక సెమిస్టరంతా ఈ ఒక్క చుట్టే పాఠ్యం. చెట్ల గీతలు ఎందుకంత పొడిగా ఉన్నాయి, వివరణ ఎందుకంత పొందికగా ఉంది, ఒకే మనిషి ఒకే కాగితం మీద రెండు రకాలుగా ఎందుకు రాశాడు అన్న ప్రశ్నలకు జవాబు వెదకాలంటే చరిత్ర, తత్వశాస్త్రం, రాజకీయం అన్నీ తవ్వవలసి వచ్చింది. దీనికి చేతిరాత అని పేరు పెట్టడం ఎలాంటిదంటే, తాళ్లపాక వారి రాగిరేకులను లోహపు పనితనం కింద జమకట్టడం లాంటిది.

ఇంకో రోజు సంగతి. సియోల్‌లో గాంగ్‌నమ్ ప్రాంతపు అద్దాల మేడలకు ఎదురుగా బొంగున్సా అనే బౌద్ధాలయం ఉంది. అక్కడ సూత్రగ్రంథాల చెక్క అచ్చులు దాచిన మందిరానికి ఛూసా రాసిన పలక వేలాడుతుంది: 'పంజొన్', రెండే అక్షరాలు. 1856లో, చనిపోవడానికి కొద్ది రోజుల ముందు రాశాడంటారు. పక్కన చిన్న అక్షరాలతో డెబ్భై ఒకటో ఏట జబ్బులో ఉండి రాసినట్టు సంతకం ఉంది. మొదటిసారి చూసినప్పుడు నాకు ఏ చిన్నపిల్లవాడో పలక మీద దిద్దినట్టు అనిపించింది. గీతలు మొద్దుగా, అక్షరాలు కాస్త ఒరిగినట్టు ఉన్నాయి. నెల రోజులు అడ్డగీత సాధన చేసిన గర్వంతో ఆ మాట పైకే అనేశాను. ఆచార్యుడు నవ్వి, అలా అనిపించేటట్టు రాయడానికి ఆయన పది సిరారాళ్లు అరగదీసి, వెయ్యి కుంచెలు మోడు చేశాడని అన్నారు. ఆ లెక్క ఛూసా తన గురించి తానే ఒక ఉత్తరంలో రాసుకున్నది.

హంగుల్ రాత ఇంకొక లోకం. సేజోంగ్ రాజు 1443లో రూపొందించి 1446లో ప్రకటించిన ఆ 28 అక్షరాలు తొలినాటి చెక్క అచ్చుల్లో రేఖాగణితంలా ఉంటాయి. వాటికి కుంచె ఒయ్యారం తెచ్చి 'గుంగ్‌చె' అనే అంతఃపుర శైలిని తీర్చినవారు రాజభవనంలోని స్త్రీలు, వారిలో చాలామంది పేర్లు కూడా మిగలలేదు. ఈ లిపిలో మన సున్న లాంటి అక్షరం ఒకటుంది. పాత అచ్చు శైలిలో దాన్ని ఒకే చుట్టుగా రాయరు. ఎడమ సగం ఒకసారి, కుడి సగం ఇంకోసారి రాసి, అతుకు కనబడకుండా కలుపుతారు. కుంచె మొనను నడుమన ఉంచి గుండ్రంగా తిప్పడం అంత కష్టమన్నమాట. తాటాకు మీద గంటం మొన చీల్చకుండా ఉండాలని మన అక్షరాలు గుండ్రబడ్డాయని చెబుతారు కదా, ఆ గుండ్రదనమే కుంచెకు పగ. బాపు గారి అక్షరాలు చూస్తూ పెరిగినదాన్ని, తెలుగు కుంచెకు లొంగకపోతుందా అని ఒక ప్రాజెక్టు పని తలపెట్టి 'అ' రాయబోతే, లోపలి మలుపు దగ్గర మొన మెలిపడి వెంట్రుకలు రెండుగా చీలిపోయాయి. అక్షరానికి ఎముక లేదని ఆచార్యుడు తేల్చేశారు. లిపికి ఎముక, మాంసం, నరం, రక్తం ఉంటాయన్నది అక్కడి విమర్శ పరిభాష.

ఈ పరిభాషనంతా పరీక్షించే తరగతే తూర్పు ఆసియా సౌందర్యశాస్త్రం. ఆరో శతాబ్దపు చైనా విమర్శకుడు షియె హె చిత్రకళకు చెప్పిన ఆరు సూత్రాలు అందులో తొలి పాఠం. మన దేశంలో కామసూత్ర వ్యాఖ్యాత యశోధరుడు చెప్పిన చిత్రకళా షడంగాలతో వాటిని పోల్చాలని ఎవరికైనా అనిపిస్తుంది. అవనీంద్రనాథ్ ఠాగూర్ ఆ పని చేశారు కూడా. నేనూ ఆ ఉత్సాహంతోనే మొదటి పత్రం రాశాను. అది తప్పు దారి అని ఇప్పుడు నా అభిప్రాయం. మన జాబితా రూపభేదంతో మొదలై వర్ణికాభంగంతో ముగుస్తుంది, అంటే కనబడే దానితోనే పని. వారి జాబితా మొదటి మాటే ప్రాణశక్తి కదలిక గురించి. రెంటిలోనూ ఆరు ఉన్నాయి కదా అని జతకట్టడం లెక్కకు సరిపోతుంది గాని శాస్త్రానికి సరిపోదు. కొరియాకు వచ్చేసరికి ఇంకో చిక్కు. యనాగి మునెయోషి అనే జపాను రచయిత వలస కాలంలో కొరియా కళంతా విషాదం పలికే గీత అని ప్రేమతోనే అన్నాడు. కొరియా తొలి కళాచరిత్రకారుల్లో ఒకడైన కో యూసొప్ (1905–1944) దాన్ని పక్కనబెట్టి, నేర్పు కనబడని నేర్పు, పథకం లేని పథకం అని తన దేశపు కళను నిర్వచించాడు. ఈ ఇద్దరి మీద మా తరగతిలో జరిగిన వాదన ఒక సాయంత్రం వంటశాల దాకా కొనసాగి, అన్నం మాడిపోయింది.

ఇక వెళ్లదలచినవారికి పనికొచ్చే మాటలు. కొరియాలో లిపికళకు విడిగా డిగ్రీ శాఖ 1980ల చివర ఇక్సాన్‌లోని వొన్‌గ్వాంగ్ విశ్వవిద్యాలయంలో మొదలై మరికొన్ని చోట్లకు పాకినా, పిల్లలు చేరక అక్కడితో సహా పలుచోట్ల మూతపడింది. విచిత్రమేమంటే అదే కాలంలో ప్రభుత్వం 2018లో లిపికళ ప్రోత్సాహక చట్టం చేసింది. 2025 జనవరిలో హంగుల్ లిపికళను జాతీయ అవ్యక్త వారసత్వంగా గుర్తించింది. కాబట్టి చేరబోయే శాఖ పేరు మాత్రమే చూసి దరఖాస్తు పెట్టకండి. మార్గదర్శకత్వం చేసే ఆచార్యుడు ఇంకా ఉన్నారా, చదువు కళాశాఖ కింద ఉందా, తత్వశాస్త్రం కింద ఉందా అన్నది ముందే రాసి అడగండి. కొరియా ప్రభుత్వ ఉపకార వేతనం మీద వెళ్లేవారు భాషాభ్యాసం తరువాత 'టోపిక్' అనే కొరియన్ భాషా పరీక్షలో ఆరు మెట్లలో మూడోదైనా దాటాలి. సంత బేరాలకు ఆ మెట్టు చాలు, ప్రాచీన గ్రంథాల తరగతికి చాలదు.

తిరిగి వచ్చాక ఏమిటన్నది కూడా చెప్పకపోతే నేనూ మీ వ్యాసకర్తలాగే అయిపోతాను. ఇక్కడ ఒక కార్యాలయంలో పట్టా పరిశీలనకు వెళ్తే, కంప్యూటరులో సబ్జెక్టుల జాబితా పైకీ కిందికీ రెండుసార్లు తిప్పి, "హ్యాండ్‌రైటింగ్‌లో ఎం.ఏ. చేశారా అమ్మా?" అని గుమాస్తా జాలిగా అడిగాడు. చివరికి విదేశీ భాషల కింద రాసుకున్నారు. మూడు నెలలు తిరగవలసి వచ్చింది. ప్రస్తుతం నేను కొరియన్ భాష చెప్పుకుంటూ బతుకుతున్నాను, లిపికళ చెప్పుకుంటూ కాదు.

అందుచేత, మీ చదువుల పేజీ తరువాతి సంచికలో ఆ తేలికైన కోర్సు వాక్యాన్ని సవరించవలసిందిగా కోరుతున్నాను. ఇదంతా చదివాక కూడా వెళ్లాలనిపించే పిల్లలెవరైనా ఉంటే, నా దగ్గర రెండు కుంచెలు, ఒక సిరారాయి, కొద్దిగా హాంజి కాగితం ఉన్నాయి. ఆదివారం ఉదయం వస్తే అడ్డగీతతో మొదలుపెట్టవచ్చు. నా చిరునామా మీ కార్యాలయానికి విడిగా పంపాను.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు,
పెనుకొండ