ఆదివారం రుషికుల్య బీచ్ క్లీనింగ్, ఎవరెవరు వస్తన్నారో చెప్పండి

అందరికీ నమస్తే అండి. ఈ ఆదివారం తెల్లారి 4:30 కి బరంపురం మన కాలనీ గేటు దగ్గర వేన్ రెడీగా ఉంటది, 4:40 దాటితే ఆగదు (కిందటిసారి ఒకళ్ళ టీ కోసం అందరం లేటయ్యాం, పేరు చెప్పను).

ఒడిశాలో రుషికుల్య నది సముద్రంలో కలిసే ఆ తీరంలో సముద్ర తాబేళ్ళు ఫిబ్రవరిలో పెట్టిన గుడ్లు 45 నుంచి 60 రోజులకి పిల్లలవుతాయి కదా, ఇప్పుడదే టైం. పిల్లలు అరచేతిలో సగం కూడా ఉండవు, తెగిన వల ముక్క కాలికి చుట్టుకుంటే ఇక కదల్లేవు, అందుకే వలముక్కలూ ప్లాస్టిక్కూ ముందే ఏరేయాలి. చేత్తోనే ఏరాలి, పారలు గునపాలు తేవద్దు, ఇసక కింద ఇంకా గుడ్లుంటాయి.

అక్కడ మనం లీడర్లం కాదండి. పోడంపేట, పురుణబంధ ఊళ్ళ వైపు పల్లెకారోళ్ళు (చేపలు పట్టేవాళ్ళు) ఏళ్ళ తరబడి ఈ గుడ్లని కాపలా కాస్తన్నారు, దారి తప్పిన పిల్లల్ని బకెట్లో ఎత్తి నీళ్ళ దగ్గర వదులుతారు. పోడంపేటోళ్ళు మన తెలుగే మాట్లాడతారు, పాత ఊరిని సముద్రం కోసేసింది పాపం. వాళ్ళు చెప్పినట్టు చేద్దాం, పనయ్యాక ఓ గంట కూర్చుని వాళ్ళ మాటలు విందాం, మీ ఇంట్లో పిల్లల్ని కూడా తప్పకుండా తీసుకురండి.

తెచ్చుకోవాల్సినవి: ఖాళీ బియ్యం సంచి, చేతి తొడుగులు, స్టీలు సీసాలో నీళ్ళు. ఫోన్ ఫ్లాష్, టార్చ్ అస్సలు వద్దు, వెలుగు కనబడితే తాబేలు పిల్లలు సముద్రం వదిలేసి మన వైపే వచ్చేస్తాయి.

వేన్‌కి మనిషికి 100 రూపాయలు. శుక్రవారం రాత్రిలోగా పేరు, ఎంతమందో ఇక్కడే పెట్టండి, బొటనవేలు బొమ్మ పెడితే లెక్కలోకి రాదు.