సాలార్‌జంగ్ మ్యూజియంలో హైదరాబాద్ చరిత్ర: ఈ ఏడాది పనుల నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది సంఘం పని చాలావరకు సాలార్‌జంగ్ మ్యూజియం సందర్శనల మీదే సాగింది. అక్కడి గదులను వస్తువు రకాన్ని బట్టి, దేశాన్ని బట్టి అమర్చారు. గది నంబర్ల వెంట నడిస్తే యూరప్ పింగాణీ గుర్తుంటుంది, హైదరాబాద్ జారిపోతుంది. అందుకే దారి మనమే వేసుకున్నాం. ప్రతి వస్తువు దగ్గరా మూడు ప్రశ్నలు: ఎక్కడ తయారైంది, ఎవరు తెచ్చారు, ఎప్పుడు?

ముందు స్థాపకుల గది చూడాలి. 1853 నుంచి 1883 దాకా దివాన్‌గా (నిజాం ప్రధానమంత్రిగా) ఉన్న మొదటి సాలార్‌జంగ్‌కూ, 1912–14లో దివాన్‌గా ఉండి ఈ సేకరణలో ఎక్కువ భాగం కూర్చిన మూడో సాలార్‌జంగ్‌కూ తేడా ఇక్కడే తేల్చుకోవాలి. లేకపోతే తర్వాతి గదుల్లో అంతా కలగాపులగమవుతుంది.

తర్వాత ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన ముసుగు రెబెకా విగ్రహం. చాలామంది పాలరాతి ముసుగు పనితనం చూసి కదిలిపోతారు. దీన్ని మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నారు. అప్పటికి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఇంకా బాలుడు, పాలన దివాన్ చేతిలో ఉంది, బ్రిటిష్ ఆధీనంలో ఉన్న బేరారు ప్రాంతాన్ని తిరిగి ఇమ్మని ఆయన బ్రిటిష్ వారిని అడుగుతున్న కాలమది. ఆ నేపథ్యం తెలిస్తే ఈ ఇటలీ శిల్పం కూడా మన నగర చరిత్రలోకి వస్తుంది.

ఎక్కువసేపు ఉండాల్సింది బిద్రీ గదిలో. నల్లటి లోహంలో వెండి తీగ పొదిగే బీదర్ పనితనమే బిద్రీ. హుక్కా బుడ్లు, పాన్‌దాన్లు, పళ్లేలు దక్కన్ ఇళ్లలో వాడిన వస్తువులు. బీదర్ 1956 దాకా హైదరాబాద్ రాజ్యంలో, తర్వాత హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేది. ఆ నలుపును రంగు పూత అనుకోవడం అందరూ చేసే పొరపాటు. జింకు ఎక్కువ, రాగి కొద్దిగా కలిపి పోత పోస్తారు. నున్నగా చేసి, మైలుతుత్తం నీళ్లు రాసి తాత్కాలికంగా నల్లబరుస్తారు, చెక్కే గీతలు కనబడటానికి. చెక్కిన గాడిలో వెండి తీగ పెట్టి సుత్తితో కొడతారు. గాడి లోతు చాలకపోతే తీగ లేచిపోతుంది. చివర్లో కొద్దిగా వేడిచేసి, బీదర్ కోట మట్టిలో నవాసాగరం కలిపిన ముద్దతో రుద్దితే జింకు లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగానే మిగులుతుంది. పాత వస్తువుల్లో తీగ ఊడిన ఖాళీ గాళ్లు వెతకండి. పనితీరు అక్కడే బయటపడుతుంది.

దక్కనీ చిత్రాల గదిలో వెలుతురు తక్కువ, ఎక్కువైతే రంగులు వెలిసిపోతాయి కనుక. అద్దంలో మన నీడే కనిపిస్తుంటే కాస్త పక్కకు జరిగి ఏటవాలుగా చూడాలి, ముదురు రంగు బట్టలైతే మరీ మంచిది.

సంగీత గడియారం దగ్గర గంట కొట్టే ముందు జనం గుమిగూడతారు. ఆ పావుగంట మిగతా గదులు ఖాళీగా ఉంటాయి, బిద్రీ చూడటానికి అదే అదను. బృందం పన్నెండు మందికి మించితే వెనుకవాళ్లకు చిన్న వస్తువులు కనబడవు, ఇద్దరు వివరించేవాళ్లు తప్పనిసరి. శుక్రవారం సెలవు.

జమాఖర్చుల పట్టిక సభ్యులకు విడిగా అందుతుంది. వచ్చే ఏడాది నడక సాలార్‌జంగ్‌ల నివాసమైన దివాన్ దేవిడీ దగ్గర మొదలవుతుంది. 1951లో మ్యూజియం తెరిచింది ఆ భవనంలోనే, మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనానికి మారింది 1968లో. ఉదయం దేవిడీ, తర్వాత మ్యూజియం, సాయంత్రం 1908 వరద గురించి మూసీ గట్టున అరగంట. వివరించే బాధ్యత తీసుకోదలచినవారు ఒక్కొక్కరు ఒకే గది ఎంచుకుని కార్యదర్శికి పేరివ్వగలరు.

— కార్యవర్గం