చిన్న తర్నోవోకు మేము పడిన బాకీ

బల్గేరియా అడవిలో అర్ధరాత్రి మా కారు ఆగిపోతే ఆదుకున్నవారికి ఈ కృతజ్ఞతలు. ఇవి చేరవలసినవారిలో ఒక్కరికి తప్ప ఎవరికీ తెలుగు రాదు. ఆ ఒక్కరు బల్గేరియాలోని ప్లెవెన్‌లో వైద్యం చదువుతున్న అమ్మాయి. తెలిసినవారికి తెలిసినవారి ద్వారా ఆమె నంబరు దొరికింది. మరునాడు పరీక్ష ఉన్నా రాత్రి రెండు గంటల దాకా ఫోను పెట్టేయకుండా మా మాటలు వారికీ, వారి మాటలు మాకూ చేరవేసింది. పేరు రాయవద్దంది కాబట్టి రాయడం లేదు. అక్కడివారికి బల్గేరియన్‌లో ఉత్తరం కూడా ఆమే రాసిపెట్టింది. అది వెళ్లిపోయింది. తెలుగులోనూ చెప్పి తీరాలని అమ్మ పట్టు. "సాయం చేసినవారి సంగతి నలుగురిలో చెప్పకపోతే వారి ఇంట తిన్నది అరగదు" అంది.

మాల్కో తర్నోవో బల్గేరియా ఆగ్నేయ మూలన ఉన్న చిన్న పట్టణం. చుట్టూ స్ట్రాంజా కొండలు, ఎటు చూసినా ఓక్ అడవులు. టర్కీ సరిహద్దు పది కిలోమీటర్ల లోపే. బల్గేరియన్‌లో "మాల్కో" అంటే చిన్న, "వెలికో" అంటే పెద్ద. పెద్ద తర్నోవో వేరే ఉంది. అది ఒకప్పటి రాజధాని, కోట ఉన్న ఊరు, పర్యాటకులు కిటకిటలాడే చోటు. ఈ చిన్నా పెద్దా తేడా గుర్తుంచుకోండి, మా కథంతా దాని మీదే నడిచింది.

మేము వెళ్లింది నిప్పుల కోసం. మాల్కో తర్నోవో నుంచి సముద్రం వైపు వెళ్లే కొండదారిలో బల్గారి అనే పల్లె ఉంది. ఏటా జూన్ 3న, పాత పంచాంగం ప్రకారం సెయింట్ కాన్‌స్టంటైన్, సెయింట్ హెలెనాల పండుగనాడు, అక్కడ నెస్తినారులు చెప్పులు లేని కాళ్లతో నిప్పుల మీద నడుస్తారు. 2009లో యునెస్కో దీనిని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. జర్మనీలో మా దగ్గర మూడు నెలలు ఉండడానికి వచ్చిన అమ్మకు ఫోనులో ఆ వీడియో చూపించడమే నేను చేసిన పొరపాటు. "ఇవి మన పీర్ల గుండం నిప్పులే కదా" అంది. మా అమ్మ పుట్టిల్లు నల్గొండ జిల్లాలో ఒక పల్లె. పీర్ల పండుగకు వాళ్ల తాత పీరును ఎత్తుకుని గుండంలో దిగేవాడట. ఆ మాట అన్నాక ఇక ఆగుతుందా? బుర్గాస్ దాకా విమానం, అక్కడి నుంచి అద్దె కారు.

చీకటి పడ్డాక మంట అణిగింది. నిప్పులను గుండ్రంగా పరిచారు. ఒక డోలు, మేకతోలు తిత్తితో చేసిన గైడా అనే వాద్యం, రెండే రెండు. చేతుల్లో ఆ సాధువుల చిత్రపటాలు పట్టుకుని ముందు చుట్టూ తిరిగి, తర్వాత అడ్డంగా నిప్పుల మీదికి వెళ్లారు. పర్యాటకుల ఫోన్ల వెలుగులో సగం భక్తి చచ్చిపోయిందనే చెప్పాలి. అయినా అమ్మ కొంగు తల మీదికి లాక్కుని దండం పెట్టింది. పక్కనున్న బల్గేరియన్ ముసలాయన ఆమెను చూసి తన టోపీ తీశాడు.

తిరుగుదారిలో గ్రమాతికొవో దాటాం, వెలెకా నది దాటాం. అడవి మధ్యలో ఒక గుంత. మా ఆయన ఆ గుంతను ఇప్పటికీ "చెరువు" అనే అంటారు. కుడివైపు టైర్లు రెండూ ఒకేసారి పగిలాయి. డిక్కీ తెరిస్తే స్టెప్నీ లేదు. గాలి కొట్టే చిన్న యంత్రం, ఒక జిగురు డబ్బా ఉన్నాయి. ఫోనేమో ఆ మూలన టర్కీ టవర్ పట్టుకుని "టర్కీకి స్వాగతం" అని సందేశం పంపింది. కారు అద్దెకిచ్చినవారి సహాయ కేంద్రానికి ఎలాగో ఫోను కలిసింది. "తర్నోవో దగ్గర" అని చెప్పాం. బండి బయలుదేరిందన్నారు. గంటన్నర తర్వాత ఆ బండి డ్రైవరు ఫోను చేసి, కోట దగ్గరే ఉన్నాను, మీరెక్కడ అని అడిగాడు. అప్పుడు ప్లెవెన్ అమ్మాయి అతనితో మాట్లాడి, మాతో మెల్లగా చెప్పింది: "అక్కా, అతను వెలికో తర్నోవోలో ఉన్నాడు. మీకు దాదాపు 300 కిలోమీటర్ల దూరం."

ఆ దారిన వచ్చిన మొదటి బండి సరిహద్దు పోలీసులది. ఇద్దరు. వారి టార్చి వెలుగు ముందు మా ముఖాల మీద, తర్వాత వెనక సీట్లో శాలువా కప్పుకున్న అమ్మ మీద పడింది. పాస్‌పోర్టులు అడిగారు. ఆ అడవిలో అర్ధరాత్రి మా రంగు మనుషులు కనిపిస్తే వారు ముందు ఏమనుకుంటారో నాకు తెలుసు. సిరియా నుంచి, అఫ్ఘానిస్తాన్ నుంచి వచ్చేవారు యూరప్‌లోకి అడుగుపెట్టే దారుల్లో అదొకటి. 2014 నుంచి ఆ సరిహద్దు వెంట ముళ్లకంచె లేస్తూ వచ్చింది. మా దగ్గర కాగితాలున్నాయి. అవి లేనివారికి ఆ రాత్రి వేరేగా గడిచేదని ఆలోచించకుండా ఈ కృతజ్ఞత రాయలేను. కాగితాలు చూశాక మాత్రం వారిద్దరూ చొక్కా చేతులు మడిచి, మా ఆయనతో కలిసి కారును అంచుకు నెట్టారు. అమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని ఊళ్లోకి తీసుకొచ్చారు. దారిలో ఒకరు అమ్మకు బిస్కెట్ పొట్లం ఇచ్చారు. అమ్మ తిరిగి పల్లీ పట్టీ ఇచ్చింది. వారి పేర్లు తెలియవు. మీ ఇద్దరికీ మొదటి నమస్కారం.

మేము బస చేయవలసిన ఇంటి యజమానురాలు రాత్రి రెండింటికి వాకిట్లో దీపం వేసుకుని కూర్చుని ఉంది. ఆలస్యమైనందుకు ఒక్క మాట అనలేదు. వేడినీళ్లు పెట్టి ఉంచింది. ఆమెకు రెండో నమస్కారం.

మూడోది చిచోకు. "చిచో" అంటే వారి భాషలో చిన్నాన్న, వయసులో పెద్దవాడైన ఏ మగవాడినైనా అలా పిలవవచ్చు. మా ఆయన హైదరాబాదువారు, చిచ్చా అని పిలిచే అలవాటు పుట్టుకతోనే ఉంది. మొదటి పిలుపుతోనే చుట్టరికం కుదిరిపోయింది. చిచోది పంక్చర్ షాపు అనాలో, పాత ఇనుప సామాను కొట్టు అనాలో చెప్పలేను. తెల్లవారగానే తన లాడా నివా జీపుకు తాడు కట్టి మా కారును లాక్కొచ్చాడు. ఒక రిమ్ము వంగింది. సుత్తితో, ఓపికతో సరిచేశాడు. మా సైజు టైర్లు ఊళ్లో లేవు. బుర్గాస్‌లో ఎవరికో ఫోను చేశాడు. మూడో రోజు ఆ టైర్లు బుర్గాస్ బస్సులో, వెనక సీటు మీద, ఇద్దరు ప్రయాణికుల్లా కూర్చుని వచ్చాయి. బస్సు డ్రైవరు వాటికి టికెట్ డబ్బులు కూడా తీసుకోలేదు. టైర్లు కొన్న ధర చీటీ చూపించి అంతే తీసుకున్న చిచో, తన పనికి ఎంత అని అడిగితే చేతులు తుడుచుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు.

ఆ మధ్య రోజుల్లో ఊరంతా తిరిగాం. కొయ్య ఇళ్లు, వాటిలో కొన్నింటిని కలిపి చేసిన మ్యూజియం, ఆర్థడాక్స్ చర్చి, దానికి కొంచెం దూరంలో తూర్పు సంప్రదాయపు కాథలిక్ చర్చి. చాలా తలుపులకు తాళాలు. ఒకప్పుడు రాగి గని ఉండేది, అది మూతపడ్డాక పిల్లలు నగరాలకు వెళ్లిపోయారు. కమ్యూనిస్టుల కాలంలో ఈ ప్రాంతంలోకి రావాలంటే బల్గేరియా వారికే ప్రత్యేక అనుమతి పత్రం కావలసి వచ్చేదట. చుట్టాలు కూడా చీటీ తెచ్చుకునే వచ్చేవారని చిచో చెప్పాడు.

అమ్మ మాత్రం రెండు పూటలుగా సరిగ్గా తినలేదు. ఏ పళ్లెం వచ్చినా అందులో మాంసం ఉందేమోనని అనుమానం. అది గమనించిన చిచో మమ్మల్ని తన నివాలో ఎక్కించుకుని బ్రష్ల్యాన్‌లో ఉన్న తన పెద్దమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. బ్రష్ల్యాన్ అంటే ఐవీ తీగ. టర్కుల కాలంలో ఆ ఊరి పేరు సర్మషిక్, దానికీ అదే అర్థం. పాలకులు మారినా తీగ మారలేదన్నమాట. కింద రాతి గోడలు, పైన కొయ్య పలకలు, నల్లబడిన పాత ఇళ్ల ఊరు.

పెద్దావిడను అందరూ "బాబా" అంటారు. అంటే అమ్మమ్మ. బాబా అంటే షిరిడీయే తెలిసిన మా అమ్మకు ఆ పిలుపు నోట రావడానికి అరపూట పట్టింది. గడప దగ్గర ఆగి, లోపలికి రావచ్చా అని సైగ చేసింది అమ్మ. ఆవిడ "దా, దా" అంది. బల్గేరియన్‌లో "దా" అంటే అవును. అమ్మకు తెలుగులోనే వినిపించింది. నేరుగా వంటింట్లోకి నడిచి పొయ్యి పక్కన కూర్చుంది. ఆ తర్వాత మాకు ప్లెవెన్ అమ్మాయితో పని పడలేదు.

బాబా మట్టి కుండలోంచి పెరుగు తీసింది. గరిటె నిలబడేంత గట్టి పెరుగు. ఒక గిన్నెడు ఉడికించిన అన్నం అడిగి తెచ్చుకుని అమ్మ అందులో కలిపేసింది. బల్గేరియా పెరుగన్నం. నాలుగు ముద్దలు తిన్నాక అమ్మ కళ్లలో నీళ్లు చూసి బాబా కంగారు పడింది. మరో గరిటె వేయబోతే అమ్మ చెయ్యి అడ్డం పెట్టి, వద్దు వద్దని తల అడ్డంగా ఊపింది. అక్కడ తల అడ్డంగా ఊపితే అవునని అర్థం. బాబా సంతోషంగా రెండు గరిటెలు వేసింది. అమ్మ ఇంకా గట్టిగా ఊపింది. ఇంకో గరిటె పడింది. మేము నవ్వుతూ ఉండిపోయాం కానీ ఎవరమూ ఆపలేదు.

బాబా తాతలు 1913లో, బాల్కన్ యుద్ధాల తర్వాత, ఇప్పటి టర్కీ వైపు నుంచి బండి మీద ఒక ఇనుప కుండ, ఒక దేవుడి పటం పెట్టుకుని వచ్చినవారట. అదే కాలంలో ఈ కొండల్లోని గ్రీకులు అటువైపు వెళ్లిపోయారు. కోస్తి అనే పల్లె నుంచి వెళ్లిన గ్రీకులు నిప్పుల నడకనూ తమతో తీసుకెళ్లి, ఇప్పటికీ ఉత్తర గ్రీసులో చేస్తున్నారు. బాబా చూపించిన ఆ ఇనుప కుండలో ఇప్పుడు జిరేనియం మొక్క ఉంది. ఇంటిలోకి వచ్చినవారిని ఎక్కడివారని ఆవిడ అడగలేదు. ఎప్పుడు తిన్నారనే అడిగింది.

వచ్చేటప్పుడు ఒక పెద్ద గాజు సీసా నిండా తేనె ఇచ్చింది. స్ట్రాంజా తేనె పువ్వులది కాదు. ఓక్ ఆకుల మీద పేనుపురుగులు వదిలే తీపి రసాన్ని తేనెటీగలు సేకరిస్తే అవుతుంది. దాదాపు నల్లగా, బెల్లం పాకంలా ఉంటుంది, తీపి తక్కువ. తేనెను వారు "మెద్" అంటారు. మన మధువుకు అక్కే అయి ఉంటుందని మా ఆయన అన్నారు. భాషాశాస్త్రంలో ఆయన మాట నిలిచిన సందర్భం అదొక్కటే.

సీసా గత వారం ఖాళీ అయింది. కడిగి, ఎండలో పెట్టి, మళ్లీ తుడిచింది అమ్మ. ఇచ్చిన గిన్నెను వట్టిగా తిరిగి ఇవ్వకూడదు కదా. ఆవకాయ పెడదామంటే, "పాపం పెద్దావిడ, తట్టుకోలేదు" అంది. నువ్వుండలు చేసింది. చిచోకు విడిగా ఒక పొట్లం, బస చేసిన ఇంటావిడకు ఒకటి, బస్సు డ్రైవరుకు చిన్నది. పోలీసులిద్దరి వాటా చిచో అందిస్తానన్నాడు. ఏ ఇద్దరో కనుక్కోవడం అంత చిన్న ఊళ్లో కష్టం కాదట.

పార్సిల్ నిన్న కట్టాను. చిరునామాలో "మాల్కో" అన్న మాటను ఎర్ర సిరాతో పెద్ద అక్షరాల్లో రాసి, కింద రెండు గీతలు గీశాను.