రాజుగారి వాకిలిని మళ్లీ వాకిలిలా చూడండి: తెలంగాణ పర్యాటక, సాంస్కృతిక శాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. నేను జనగామ జిల్లాలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెప్తాను. ఏటా చలికాలంలో తొమ్మిదో తరగతి పిల్లలను హైదరాబాద్ తీసుకొస్తాం. తెల్లవారుజామున నాలుగింటికి బస్సు ఎక్కుతాం. పులిహోర డబ్బాలు, నీళ్ల సీసాలు, ఇంట్లో అడిగి తెచ్చుకున్న రెండు మూడు వందల రూపాయలు, ఇంతే వాళ్ల సామాను. చాలామందికి నగరం చూడటం అదే మొదటిసారి.

పోయినసారి చార్మినార్ మెట్లెక్కి మొదటి అంతస్తుకు చేరాక ఒక అమ్మాయి ఉత్తరం వైపు చూస్తూ నిలబడిపోయింది. "టీచర్, రాజుగారి ఇల్లేది?" అని అడిగింది. పొద్దున చౌమహల్లా ప్యాలెస్ చూపించాం, కానీ అది తర్వాత వచ్చిన నిజాములదని నేనే చెప్పాను. మరి చార్మినార్ కట్టించిన కులీ కుతుబ్ షా ఎక్కడుండేవాడు? నేను ఎదురుగా ఉన్న కమాన్ల వైపు, అంటే ఆ ఎత్తయిన వంపు ద్వారాల వైపు, చేయి చూపించాను. "ఆ నాలుగు కమాన్ల నడుమ ఉన్నది రాజుగారి వాకిలి. ఎడమచేతి పక్క ఇల్లుండేది. ఇప్పుడు లేదు" అన్నాను. ఆ పిల్ల చాలాసేపు చూసింది. హారన్ల మోత పైదాకా వినబడుతోంది. "వాకిట్ల ఇన్ని బండ్లా టీచర్?" అంది.

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉంటుందనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మీకు తెలియని చరిత్ర కాదు. అయినా మొదటి నుంచి చెప్పనివ్వండి, ఎందుకంటే అక్కడ రోజూ తిరిగే వేలమందిలో చాలామందికి తాము ఒక చౌక్‌లో నిలబడ్డామని తెలియదు. 1591లో, అంటే హిజ్రీ 1000లో, చార్మినార్ లేచింది. ఈ నగరానికి రూపం గీసినవాడు రాజుగారి పేష్వా, అంటే ప్రధానమంత్రి, మీర్ మోమిన్ అస్త్రాబాదీ. నాలుగు దిక్కులకూ నాలుగు దారులు, అవి కలిసేచోట చార్మినార్. దానికి ఉత్తరాన ఒక పెద్ద ఖాళీ స్థలం వదిలి, దాని నాలుగు పక్కలా నాలుగు ఎత్తయిన కమాన్లు కట్టారు. ఆ స్థలం పేరు జిలూఖానా. రాజభవనం ముందు సైన్యం, పరివారం నిలిచే చోటు. మన భాషలో చెప్పాలంటే వాకిలి. సరిగ్గా నడుమ నీళ్ల హౌజు. నాలుగు దిక్కుల హౌజు అనే అర్థంలో దాన్ని చార్ సూ కా హౌజ్ అనేవారు. ఈరోజు మనం గుల్జార్ హౌజ్ అంటున్నది అదే.

తూర్పున ఉన్నది కాలీ కమాన్. అక్కడ నగారాలు మోగేవి. ఉత్తరాన మచ్లీ కమాన్, దక్షిణాన చార్మినార్ కమాన్. పడమటి కమాన్ రాజభవనానికి ద్వారం, అక్కడ జరీ తెర వేలాడేదని చెప్తారు. దాని పేరు సెహ్రే బాతిల్, మాయను చెరిపేసేది అని. జనం నోట్లో నలిగి నలిగి అది షేర్ ఎ బాతిల్ అయింది. పేరు మారినా కమాన్ మిగిలింది. 1687లో ఔరంగజేబు గోల్కొండను గెలిచాక కుతుబ్ షాహీల భవనాలు ఒక్కొక్కటిగా పోయాయి. ఇల్లు పోయింది, గుమ్మం మిగిలింది, వాకిలి మిగిలింది. అందుకే ఆ వాకిలి అంత విలువైనది. ఆ రాజు ఇంటికి ఇప్పుడు మనకున్న ఆనవాలు ఆ ఖాళీ స్థలమే.

మనం కట్టడాలను కాపాడుకోవడం కొంత నేర్చుకున్నాం. చార్మినార్‌కు కంచె ఉంది, కాపలా ఉంది. కమాన్లకు మరమ్మతులు జరిగాయి. కట్టడాల నడుమ ఉన్న ఖాళీని మాత్రం ఎవరూ తమదనుకోలేదు. ఖాళీ అంటే బండ్లు పోవడానికో, నిలపడానికో పనికొచ్చే జాగా అనుకున్నాం. ఆ వాస్తుశిల్పి గోడల మీద ఎంత ఆలోచన పెట్టాడో ఆ ఖాళీ మీదా అంతే పెట్టాడు. నాలుగు కమాన్లూ ఒకదాన్నొకటి చూసుకునేలా నిలబెట్టాడు. గుల్జార్ హౌజ్ దగ్గర నిలబడి ఒక్క చుట్టు తిరిగితే నాలుగూ కనబడాలి. ఈరోజు అక్కడ అలా తిరగబోతే ఆటో గుద్దుతుంది.

మేం సాలార్‌జంగ్ మ్యూజియం నుంచి చార్మినార్‌కు నడిచే వస్తాం. మరో దారి లేదు, బస్సు మూసీ దగ్గరే ఆగిపోతుంది. మ్యూజియంలో పిల్లలకు బాగా నచ్చేది సంగీత గడియారం. గంట కొట్టే వేళకు లోపలి నుంచి ఒక చిన్న గడ్డం మనిషి బయటికొచ్చి సుత్తితో కొట్టి పోతాడు. మధ్యాహ్నం పన్నెండు కొట్టేదాకా నేలమీద కూర్చుని లెక్కపెడతారు. ముసుగు రెబెక్కా అనే పాలరాతి బొమ్మ ముందు అల్లరి పిల్లలు కూడా గొంతు తగ్గిస్తారు. రాతిలో పల్చటి గుడ్డ ఎట్లా చెక్కారని ఒకరినొకరు అడుగుతారు. ఆ తర్వాత బయటికొచ్చి మదీనా కూడలి మీదుగా పత్తర్‌గట్టీలోకి తిరుగుతాం. అక్కడిదాకా పర్వాలేదు. రాతి కమాన్ల కింద నీడలో నడవచ్చు, ముత్యాల దుకాణాలు చూసుకుంటూ పిల్లలు సంబరపడతారు. మచ్లీ కమాన్ దగ్గరికి వచ్చేసరికి మాకు టెన్షన్ మొదలవుతుంది. నలభైమంది పిల్లలను ఒక తాడు పట్టించి నడిపిస్తాను. ముందు నేను, వెనక లెక్కల మాస్టారు. పదడుగులకోసారి తలలు లెక్కపెట్టుకోవడం. పోయినసారి ఒక స్కూటర్ అద్దం ఒక పిల్లవాడి మోచేతికి తగిలింది. పెద్ద దెబ్బేమీ కాదు. కానీ ఆ నాలుగు కమాన్ల గురించి నేను వారం రోజులు చదువుకుని సిద్ధం చేసుకున్న పాఠం ఒక్క ముక్క చెప్పలేకపోయాను. "పదండి, పదండి, ఆగకండి" అన్నదే నా పాఠం.

ఇంకో మాట కూడా మొహమాటం లేకుండా రాస్తాను. ఆడపిల్లలు చార్మినార్ వచ్చే రోజు పొద్దుటి నుంచి నీళ్లు తాగరు. ఎందుకో నేను విడమరచి చెప్పనక్కర్లేదు. ముందు బ్యాచ్ అక్కలు వాళ్లకు చెప్పి పంపిస్తారు.

చార్మినార్ చుట్టూ రాళ్లు పరిచి బండ్లు ఆపిన పని మంచిది. ఏళ్ల తరబడి సాగిన పని అది. ఇప్పుడు అక్కడ సాయంత్రం పూట కుటుంబాలు నేలమీద కూర్చుంటున్నాయి, పిల్లలు పరుగులు పెడుతున్నారు. బండ్లు ఆపితే దుకాణాలు మూతపడతాయని అప్పట్లో భయపడినవాళ్లు ఉన్నారు. లాడ్ బజార్‌లో ఈరోజు సాయంత్రం ఆరింటికి నడవడానికి చోటుంటుందేమో మీరే వచ్చి చూడండి. 2021 అక్టోబరులో ఆదివారాలు సాయంత్రం పూర్తిగా జనానికే వదిలేసి, ఏక్ షామ్ చార్మినార్ కే నామ్ అని పండుగలా జరిపినప్పుడు ఊరంతా అక్కడికే వచ్చింది. అంటే చెయ్యగలం. 2025 మే 13న ప్రపంచ సుందరి పోటీలకు వచ్చిన అమ్మాయిలు చార్మినార్ దగ్గర, లాడ్ బజార్‌లో నడిచారు. ఆరోజు దారి శుభ్రంగా ఉంది, బండ్లు ఆగాయి, గాజుల మల్గీలవాళ్లు ఆప్యాయంగా వాళ్ల చేతులకు గాజులు తొడిగారు. అతిథులకు అంత మర్యాద చేసినందుకు నాకు సంతోషమే. ఆ మర్యాదలో ఒక పాలు జనగామ పిల్లలకు కూడా దక్కాలని నా కోరిక.

ఆ తర్వాత అయిదు రోజులకే, మే 18న, గుల్జార్ హౌజ్ దగ్గర ఒక ఇంట్లో మంటలు లేచి 17 మంది చనిపోయారు. అందులో 8 మంది పిల్లలు. నేను ఆ వార్త చదివిన రోజు మా పిల్లలు తాడు పట్టుకుని నడిచిన దారే కళ్లముందు మెదిలింది. ఆ చౌక్ చూడ్డానికి వచ్చేవాళ్లదే కాదు, కింద దుకాణం పెట్టుకుని పైన కాపురముండేవాళ్లది కూడా. ఇరుకు గుమ్మాలు, పాత వైర్లు, ఫైరింజను చొరబడలేని సందులు వాళ్లకు రోజూ ఉండే గండం. చౌక్‌ను బాగుచేయడమంటే మొదట అక్కడుండేవాళ్ల ప్రాణాలకు భరోసా ఇవ్వడం. నాలుగు కమాన్ల లోపల బండ్లు నిలపకుండా ఉంటే ఆపద వేళ దారి దొరుకుతుంది. ఆ ఒక్క కారణం చాలు ఈ పని మొదలుపెట్టడానికి.

అడ్డంకి ఎక్కడుందో నాకు అర్థమైనంత వరకు చెప్తాను. చార్మినార్ కేంద్ర పురావస్తు శాఖది. కమాన్ల బాగోగులు రాష్ట్ర ప్రభుత్వానివి. రోడ్డు, చెత్త, లైట్లు మున్సిపాలిటీవి. బండ్లు ట్రాఫిక్ పోలీసులవి. సాలార్‌జంగ్ మ్యూజియం పార్లమెంటు 1961లో చేసిన చట్టం కింద నడిచే కేంద్ర సంస్థ. చౌమహల్లా, పురానీ హవేలీలోని నిజాం మ్యూజియం ట్రస్టుల చేతుల్లో ఉన్నాయి. ఇప్పుడు పాతబస్తీ మెట్రో వస్తోంది, సాలార్‌జంగ్ మ్యూజియం, చార్మినార్ పేర్లతో స్టేషన్లు అంటున్నారు. ఇందరు పెద్దలున్న ఇంట్లో వాకిలి ఊడ్చేదెవరు? ఎవరికి వారు తమ గదిని శుభ్రంగానే ఉంచుకుంటారు.

అందుకే మొట్టమొదట నేను అడిగేది డబ్బు కాదు. మదీనా నుంచి చార్మినార్ దాకా, అక్కడి నుంచి చౌమహల్లా దాకా ఉన్న దారినంతా ఒక్క చౌక్‌గా ప్రకటించండి. దానికి జవాబు చెప్పే ఒక అధికారిని పెట్టండి. ఆయన ఆఫీసు సచివాలయంలో కాకుండా అక్కడే, ఆ చౌక్‌లోనే ఉండాలి. మరుగుదొడ్డికి తాళం వేసి ఉంటే ఒక టీచరు నడిచి వెళ్లి అడగగలిగేంత దగ్గరలో.

తర్వాత, నాలుగు కమాన్ల లోపల బండ్లు ఆపండి. ఒక్కసారిగా వద్దు. దుకాణాలకు సరుకు దిగే వేళలుంటాయి, ముసలివాళ్లుంటారు, ఆస్పత్రికి పోయేవాళ్లుంటారు. వాళ్లతో కూర్చుని మాట్లాడండి. ఆదివారాలతో మొదలుపెట్టండి, తర్వాత రోజూ పొద్దున కొన్ని గంటలు. తోపుడు బండ్లవాళ్లను మాత్రం ఊడ్చేయకండి. ఇది నేను బతిమాలి అడుగుతున్నాను. అందంగా చేయడమంటే పేదవాళ్లను పంపించేయడమనే అలవాటు మనకుంది. చార్మినార్ చుట్టూ బజారు నిన్న మొన్న మొలిచింది కాదు, నగరాన్ని గీసినప్పుడే దారులకు అటూ ఇటూ అంగళ్లు గీశారు. పళ్లబండి, గాజుల బుట్ట, ఇరానీ చాయ్ లేకుండా అది ఆ చౌక్ కాదు. వాళ్లకు గీత గీసి చోటు చూపించండి, నీడ ఇవ్వండి.

షేర్ ఎ బాతిల్ కమాన్ దగ్గర ఒక్క రాతి ఫలకం పెట్టించండి. ఇక్కడి నుంచి రాజభవనం మొదలయ్యేదని, ఆ చౌక్ పటం గీసి, తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లిష్‌లో రాయించండి. నేను వెళ్లినప్పుడు నాలుగు కమాన్ల గురించి పిల్లలు చదువుకునేలా తెలుగులో రాసిన బోర్డు నాకు కనబడలేదు. కుతుబ్ షాహీలు ఫర్మానాలు పారసీతో పాటు తెలుగులోనూ రాయించారు. ఇబ్రహీం కుతుబ్ షాను మన కవులు మల్కిభరాముడని ప్రేమగా పిలుచుకున్నారు. ఆయన కొడుకు కట్టించిన ఊళ్లో, ఆయన మనుమల కాలం దాకా ఆస్థానంలో మెలిగిన భాషలో ఒక ఫలకం అడగడం పెద్ద కోరిక కాదనుకుంటాను.

మ్యూజియంల గురించి రెండు మాటలు. శుక్రవారం వస్తే సాలార్‌జంగ్, చౌమహల్లా, నిజాం మ్యూజియం మూడూ మూసే ఉంటాయి. ఒక్కొక్కరు ఒక్కో రోజు సెలవు తీసుకుంటే ఏ రోజు వచ్చినా ఏదో ఒకటి చూడొచ్చు. మూడింటికీ కలిపి బడిపిల్లలకు ఒకే టికెట్ ఉంటే ఇంకా మేలు. చార్మినార్ పక్కనే 1900లో కట్టిన సర్దార్ మహల్‌ను సాంస్కృతిక కేంద్రంగా చేస్తామని ఎప్పటి నుంచో వింటున్నాం. అందులో ఒక గదిని ఈ చౌక్ కథకే ఇవ్వండి. జిలూఖానా ఎట్లా ఉండేదో ఒక చిన్న నమూనా చేసి పెడితే చాలు. పిల్లలు ముందు దాన్ని చూసి, బయటికొచ్చి అసలు దాన్ని చూస్తారు. చెట్లు, కూర్చునే బండలు, తాగే నీళ్లు, ఆడవాళ్లకు శుభ్రమైన బాత్రూములు వేరే చెప్పాల్సిన పని లేదు కదా.

ఈ డిసెంబరులో కొత్త బ్యాచ్‌ను తీసుకొస్తున్నాం. మధ్యాహ్నం ఒంటిగంటకు గుల్జార్ హౌజ్ దగ్గరుంటాం. మీకు వీలైతే ఆరోజు కారు మదీనా దగ్గర దిగి మాతో పాటు నడిచి రండి. తాడుకు ఒక కొస మీరు పట్టుకుంటే నేను నాలుగు కమాన్ల పాఠం పూర్తిగా చెప్తాను. పది నిమిషాలు చాలు. పోయినసారి ప్రశ్న అడిగిన ఆ అమ్మాయి ఇప్పుడు పదో తరగతి. మీరొస్తానంటే తననూ వెంటబెట్టుకొస్తాను, జవాబు మీరే చెప్పండి.

ఇట్లు,
భవదీయురాలు,
ఒక ప్రభుత్వ పాఠశాల సాంఘిక శాస్త్రం టీచరు,
జనగామ జిల్లా