సంచులు కాసే మనిషికి కాస్త నీడ కావాలి

ఎడిటర్ గారికి,

ఎండాకాలం సెలవులు వస్తే చాలు, పిల్లలతో ఎక్కడికెళ్లాలి, ఏ పార్కులో కొత్త రైడ్ పెట్టారు, టికెట్ ఎంత అని పేపర్లలో వరసగా వస్తుంటుంది. నేనూ చదువుతాను, కొన్ని కత్తిరించి ఫ్రిజ్ మీద అంటిస్తాను కూడా. కానీ వాటిలో ఎప్పుడూ కనబడని మనిషి ఒకరున్నారు. ఇంటిల్లిపాదీ లైన్లో నిలబడితే చెప్పులు, సంచులు, నీళ్ల బాటిళ్లు, తడి తువ్వాళ్లు, ఫోన్లు, ఒక్కోసారి నిద్రపోయిన చంటిపిల్లను కూడా ఒళ్లో పెట్టుకుని కూర్చునే మనిషి. ప్రతి ఇంట్లో ఒకరుంటారు. మా ఇంట్లో మా బాపు, అంటే మా నాన్న.

మాది హనుమకొండ. చిన్నప్పుడు మాకు పార్కంటే హైదరాబాద్ జూ పార్కే. వేసవిలో ఒకరోజు పొద్దున్నే కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగితే, మేనత్త, వాళ్ల పిల్లలు స్టేషన్ బయట ఎదురుచూస్తుండేవాళ్లు. అక్కణ్నుంచి 7జడ్ బస్సు. అప్పట్లో అది డబుల్ డెక్కర్. మేడ మీద ముందు సీటు కోసం నేనూ మా బావా రైల్లోంచి దిగిన దగ్గర్నుంచీ కొట్టుకునేవాళ్లం, చెట్టు కొమ్మలు టపటపా అద్దానికి తగులుతుంటే అవి మా మొహానికే తగిలినట్టు తలలు వంచి కేకలు పెట్టేవాళ్లం, కండక్టర్ వచ్చి కసిరితే రెండు స్టాపుల దాకా బుద్ధిగా కూర్చునేవాళ్లం. నిజం చెప్పాలంటే నాకు జూలో సింహం కన్నా ఆ బస్సే ఎక్కువ గుర్తుంది.

బాపు లెక్కల మాస్టారు. 380 ఎకరాల జూ అని తెలిసినప్పటి నుంచి, మన ఊరి చెరువు కింద పొలమంతా కలిపినా ఇంత కాదు అని ప్రతిసారీ గేటు దగ్గరే లెక్క చెప్పేవాడు. జూ 1963 అక్టోబరులో తెరిచారు, అప్పుడు నాకు పదకొండేళ్లు అని కూడా చెప్పేవాడు. ఆ మాట దగ్గర ఆగిపోయేవాడు. వాళ్ల నాయన దగ్గర చార్జీలకు డబ్బుల్లేక తీసుకుపోలేదని, మళ్లీ వచ్చే ఏడాది అంటూ అలాగే సాగదీశాడని చాలా ఏళ్ల తర్వాత మేనత్త చెప్పింది.

లోపల చెట్టు కింద దుప్పటి పరిచి సర్వపిండి, పులిహోర, పెరుగన్నం తినడం ఒక పెద్ద కార్యక్రమం. ఆ సందట్లో ఒకసారి స్టీలు గిన్నె మూత పోయింది. ముప్పై ఏళ్లు దాటినా మా అమ్మ ఇప్పటికీ ఆ మూతలేని గిన్నె బయటికి తీసినప్పుడల్లా జూ పార్కును తిడుతుంది. తర్వాత బొమ్మ రైలు. అందరం ఎక్కేవాళ్లం, అమ్మ కూడా. బాపు మాత్రం ఎక్కడు. "మీరెక్కి రాండ్రి. నేనెక్కితే సంచులెవలు సూస్తరు?" అనేవాడు. ఒక నల్ల గొడుగు విప్పి పట్టుకుని, ఎవరన్నా తప్పిపోతే ఎటూ తిరగొద్దు, గొడుగు కాడికి రావాలె అని ముందే చెప్పి పెట్టేవాడు. రైలు అంతా తిరిగి స్టేషన్‌కు వస్తుంటే జంతువుల సంగతి మరిచి ఆ గొడుగు కోసం వెతికేవాళ్లం. ఒక ఫొటో ఉంది మా దగ్గర, మా బావ తీసింది. బాపు చెట్టుకు ఆనుకుని నోరు తెరిచి నిద్రపోతున్నాడు, చుట్టూ ఏడు జతల చెప్పులు.

తర్వాత నాకు పెళ్లై పిల్లలు పుట్టాక ఎన్టీఆర్ గార్డెన్స్‌కీ, లుంబినీ పార్కుకీ, జనవరిలో నుమాయిష్ ఎగ్జిబిషన్‌కీ పోయాం. నుమాయిష్ 1938 నుంచి జరుగుతోందని చెప్పి, జెయింట్ వీల్ కింద సంచులతో నిలబడిందీ ఆయనే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మొన్న మే నెలలో పిల్లలు పట్టుబడితే నగరం బయట ఒక పెద్ద వాటర్ పార్కుకు పోయాం. పేరు ఎందుకు లెండి, చాలాచోట్ల ఇదే తీరని మా ఆఫీసులో వాళ్లూ అంటారు. బాపుకు డెబ్భై దాటాయి, మోకాళ్ల నొప్పులు, బీపీ. నీళ్లలో దిగడు, ఏదీ ఎక్కడు, మనవరాళ్లు ఆడుకుంటుంటే చూద్దామని వచ్చాడు అంతే. కౌంటర్లో ఆయనకూ మాతో సమానంగా ఫుల్ టికెట్. ఆయన ఏమీ ఎక్కడు బాబూ అంటే, ఆ అబ్బాయి పాపం మర్యాదగానే, సిస్టమ్‌లో పెద్దలు, పిల్లలు అని రెండే ఉన్నాయి సార్ అన్నాడు. తర్వాత బ్యాగుల చెకింగ్‌లో సర్వపిండి తీసి పక్కన పెట్టి టోకెన్ ఇచ్చారు. సర్వపిండికి టోకెన్! నవ్వాలో ఏడవాలో తెలియలేదు. లోపల ఫ్యాన్, నీడ, కుర్చీ మూడూ కలిసి ఉన్న చోటు ఒక్కటే, అక్కడి హోటల్. అక్కడ కూర్చోవాలంటే ఏదో ఒకటి కొంటూ ఉండాలి. దాంతో బాపు లాకర్ల గది మెట్ల మీద, తల మీద తువ్వాలు వేసుకుని, నాలుగు సంచుల మధ్య కూర్చున్నాడు. అక్కణ్నుంచి ఒక్క రైడ్ కూడా కనబడదు. పిల్లలు జారుడుబండ మీంచి దిగిన ప్రతిసారీ నీళ్లోడుతూ పరుగెత్తుకొచ్చి "తాతా, సూసినవా?" అని అడుగుతుంటే "సూసిన బిడ్డా, మస్తుగ దూకినవ్" అంటున్నాడు.

పార్కు నడపడం తేలికని నేననడం లేదు. నీళ్లు, కరెంటు, కాపలా ఉండే మనుషులు, అన్నిటికీ ఖర్చే. బయటి తిండి తెస్తే ఎక్కడపడితే అక్కడ పారేస్తారన్నదీ నిజమే, మనవాళ్ల సంగతి మనకు తెలియనిదా. కానీ ఏమీ ఎక్కని ముసలివాళ్లకు గేటు దగ్గర తక్కువ రేటుతో వేరే టికెట్ పెట్టొచ్చు కదా. పిల్లలు ఆడే చోటు కనబడేలా పైన రేకులేసి నాలుగు బల్లలు వెయ్యొచ్చు, పక్కన ఒక మంచినీళ్ల నల్లా పెట్టొచ్చు. కోట్ల రూపాయల రైడ్లు తెచ్చిన వాళ్లకు నాలుగు బల్లలు బరువా? మీ పేపర్ వాళ్లకూ ఒక మనవి: వచ్చే వేసవిలో పార్కుల గురించి రాసేటప్పుడు, ఎన్ని రైడ్లున్నాయో రాసే చోటే ఎక్కని వాళ్లు కూర్చోవడానికి చోటుందా లేదా అని కూడా ఒక ముక్క వేయండి.

ఆ రోజు నుంచి నాకు మనసులో ఒకటే పీకుతూ ఉంది. అందుకే దసరా సెలవుల్లో అందరం మళ్లీ జూ పార్కుకే పోయాం. బొమ్మ రైలు దగ్గరికి రాగానే ఆయన అలవాటుగా సంచులు కింద దించబోతుంటే, గొడుగు నేను లాక్కుని, ఇయ్యాల సంచులు నేను చూస్తా, నువ్వు ఎక్కు అన్నాను. అస్సలు వినలేదు. చిన్నది చెయ్యి పట్టి గుంజితే గానీ కదల్లేదు. కిటికీలోంచి రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు, నన్ను కాదు, సంచుల్ని. రైలు తిరిగొచ్చాక మెల్లగా దిగి, ఎట్లుంది బాపూ అంటే "సీట్లు సిన్నగున్నయ్" అన్నాడు. అని వెంటనే సంచులు లెక్కపెట్టి "నాలుగుండాలె గదరా, మూడే ఉన్నయేంది?" అని గాబరాపడ్డాడు.

నాలుగోది ఆయన భుజానికే ఉంది.

ఇట్లు,
ఒక పాఠకుడు, హనుమకొండ