గేజ్ ముల్లు చెప్పని సంగతి

సంపాదకులకు నమస్కారం.

కొత్త పైపులైన్లకు లీకేజీ పరీక్ష ఎలా చేయాలో గత ఆదివారం అనుబంధంలో రాశారు. సగం దాకా బాగానే ఉంది. చివర్లో పెట్టెకట్టి ఇచ్చిన సలహా దగ్గరికి వచ్చేసరికి కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాను. నీళ్లు నింపడం, మళ్లీ తోడడం పెద్ద తతంగం కాబట్టి కంప్రెసర్ తగిలించి ‘అదే ప్రెషర్‌కు’ గాలి కొడితే సరిపోతుందట. ఫిట్టర్‌గా చేరి ఫోర్‌మన్‌గా రిటైరయ్యే దాకా 31 ఏళ్లు పైపుల మధ్యే ఉన్నాను. ‘అదే ప్రెషర్‌కు’ అన్న ఆ రెండు మాటల మీదే నా అభ్యంతరమంతా.

ప్రెషర్ గేజ్ ముల్లు 7 దగ్గర ఆగితే పైపు లోపల ఉన్నది నీళ్లో గాలో ముల్లు చెప్పదు. నీళ్లను ఎంత నొక్కినా కుంచించుకుపోయేది బహు స్వల్పం. గాలి అలా కాదు, స్ప్రింగులా ముడుచుకుని కూర్చుంటుంది. దారి దొరికిందా, నొక్కిన శక్తంతా ఒక్కసారిగా బయటికి తన్నుకొస్తుంది.

ఇది నేను పుస్తకంలో చదివి తెలుసుకున్నది కాదు. నేను ఫిట్టర్‌గా ఉన్నప్పుడు 4 అంగుళాల లైను, సుమారు 60 మీటర్ల పొడవుది, పరీక్షకు సిద్ధం చేశాం. నీళ్ల పంపు రావడం ఆలస్యమైంది, సూపర్‌వైజర్ తొందరపెట్టాడు, గాలి కొట్టాం. 7 కేజీలకు (మేం ప్రెషర్‌ని చదరపు సెంటీమీటరుకు ఇన్ని కేజీలని చెప్పుకుంటాం, ఇంచుమించు 7 బార్) ఎక్కించి సబ్బు నీళ్లతో జాయింట్లు చూస్తున్నాం. చివర బిగించిన ప్లగ్ రెండు మరలే పట్టి ఉందని ఎవరూ గమనించలేదు. దాని ఎదుట గొంతుకూర్చుని సబ్బు రాస్తున్న హెల్పర్, మగ్గులో నీళ్లు అయిపోయాయని లేచి వెళ్లాడు. మరో నిమిషానికి పిడుగు పడ్డట్టు చప్పుడు. ప్లగ్ షెడ్డు రేకులోంచి దూసుకుపోయింది. పైపు ఎదురు దిక్కుకు తన్ని రెండు సపోర్టుల మీద నుంచి కింద పడింది. ఆ కుర్రాడు మగ్గు పట్టుకుని ఎక్కడివాడక్కడే నిలబడిపోయాడు. ఆ రోజు ఇక ఎవరూ పని చేయలేదు.

తర్వాతెప్పుడో ఒక ఇంజినీరు గారు లెక్క కట్టి చూపించారు. ఆ లైనులో పట్టేది దాదాపు అర ఘనపు మీటరు. 7 బార్ దగ్గర అందులోని గాలి దాచుకున్న శక్తి సుమారు 4.5 లక్షల జౌళ్లు (జౌల్ అంటే శక్తికి కొలత). వెయ్యి కిలోల కారు గంటకు 100 కిలోమీటర్లు దాటి దూసుకొస్తే ఎంత ఊపు ఉంటుందో అంత. అదే లైనులో అదే 7 బార్‌కు నీళ్లు నింపి ఉంటే 60 జౌళ్లు కూడా లేవు. పైపు సాగిన లెక్క కలిపినా 70 లోపే.

నీళ్లతో తప్పు జరిగితే ఎలా ఉంటుందో కూడా చూశాను. 15 కేజీల దగ్గర ఒక ఫ్లాంజ్‌లో (రెండు పైపుల్ని బోల్టులతో కలిపే అంచు) మధ్యన పెట్టే గ్యాస్కెట్ జారి, నీళ్లు విసనకర్రలా చిమ్మి, మెడ నుంచి మోకాళ్ల దాకా తడిశాను. ముఖం తుడుచుకుని చూసేసరికి ముల్లు సున్నా మీద ఉంది. అలాగని నీళ్ల పరీక్షలో ప్రమాదమే లేదనుకోకూడదు. పైన వెంట్ (గాలి బయటికి పోయే దారి) తెరిచి, బుడగలు ఆగి నీళ్లు ధారగా వచ్చేదాకా నింపకపోతే లోపల గాలి చిక్కుకుంటుంది. అప్పుడు మీరు చేస్తున్నది సగం గాలి పరీక్షే. స్టెయిన్‌లెస్ స్టీల్‌కైతే నీళ్లలో క్లోరైడ్ ఎంతుందో కూడా చూసుకోవాలి, ఎక్కువైతే ఆ లోహాన్ని తినేస్తుంది.

గాలి పరీక్షే వద్దని నేననను. ఆక్సిజన్ లైన్లు, రిఫ్రిజిరేషన్ లైన్లు, ఇన్‌స్ట్రుమెంట్ ఎయిర్ (పరికరాలను నడిపే పొడి గాలి) లైన్లలో ఒక్క చుక్క తడి మిగిలినా ఇబ్బందే. పెద్ద గ్యాస్ లైన్ల సపోర్టులు ఒక్కోసారి నీళ్ల బరువు మోయలేవు. ఘనపు మీటరుకు టన్ను మరి. అలాంటిచోట గాలో నైట్రోజనో వాడక తప్పదు. కానీ దాని పద్ధతి దానికి ఉంది. ప్లాంట్ పైపింగ్‌కు పాటించే ఏఎస్ఎంఈ (అమెరికా మెకానికల్ ఇంజినీర్ల సంఘం) బీ31.3 కోడ్ నీళ్ల పరీక్షకు డిజైన్ ప్రెషర్‌కు (పైపును ఏ ప్రెషర్‌కని రూపొందించారో దానికి) కనీసం 1.5 రెట్లు అడుగుతుంది, గాలికి మాత్రం 1.1 నుంచి 1.33 రెట్ల మధ్యే ఉండమంటుంది. గాలి పరీక్షకు రిలీఫ్ వాల్వ్ (ప్రెషర్ మితిమీరితే తనంతట తెరుచుకునేది) తప్పనిసరి. ముందు తక్కువ ప్రెషర్ దగ్గర ఆగి జాయింట్లు చూడాలి, తర్వాత మెట్లుమెట్లుగా పెంచాలి, పూర్తి పరీక్ష ప్రెషర్ దగ్గర పట్టి ఉంచి, డిజైన్ ప్రెషర్‌కు దించాకే లీకులు వెతకాలి. పెంచుతున్నంతసేపూ దగ్గర మనుషులు ఉండకూడదు. లోపల ప్రెషర్ ఉండగానే బోల్టు బిగించడం, జాయింటును సుత్తితో తట్టి చూడడం మా పాతకాలపు మేస్త్రీలకు అలవాటు. గాలి పరీక్షలో ఆ ముచ్చట తీర్చుకోకూడదు. 2009లో చైనాలోని షాంఘై ఎల్ఎన్‌జీ (ద్రవరూప సహజవాయువు) టెర్మినల్‌లో గాలి పరీక్ష మధ్యలో పైపు పేలి ఒక మనిషి పోయాడు. అక్కడున్నవాళ్లు పని తెలియనివాళ్లేమీ కాదు.

మీ వ్యాసం కలగాపులగం చేసింది రెండు వేర్వేరు పనుల్ని. జాయింటు కారుతుందా అని చూడడం ఒకటి, పైపు తట్టుకుంటుందా అని చూడడం ఇంకొకటి. మొదటిదానికి అర కేజీ, కేజీ గాలి, సబ్బు నురగ చాలు. నీళ్లు దూరని సూది బెజ్జాన్ని కూడా గాలి పట్టిస్తుంది, కాబట్టి నీళ్లు నింపకముందే ఆ పని కానిచ్చేవాళ్లం. తడిసిన తర్వాత చిన్న బెజ్జాలు నీటితోనే మూసుకుపోయి కనపడవు. రెండో పనికి నీళ్లు కుదిరినంతవరకు నీళ్లే.

ఇళ్లలో వాడే పీవీసీ పైపుల మాటే ఆ పెట్టెలో లేదు. అది స్టీలులా సాగి చిరగదు, గాలి ఒత్తిడికి పగిలితే గాజు పెంకుల్లా ఎగురుతుంది. చదివినవాళ్లలో ఎక్కువమంది ఇంట్లో ఉన్నవి ఆ పైపులే. కనుక వచ్చే ఆదివారం అదే చోట, అదే సైజు పెట్టెలో, పీవీసీకి కంప్రెసర్ తగిలించవద్దన్న ఒక్క వాక్యమైనా వేయమని మనవి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ పైపింగ్ ఫోర్‌మన్